ముంజ నుంచి తేగ దాకా, కాఫీ పిందె నుంచి మొలక దాకా

వేసవిలో రావులపాలెం దారిలో చెట్ల నీడన గెలలు పోసుకుని ముంజలు కొట్టి అమ్ముతుంటారు. బొటనవేలు గుచ్చితే నీళ్లు చిమ్మేంత లేత ముంజలు. అదే కాయను కోయకుండా చెట్టు మీదే వదిలేస్తే శ్రావణ భాద్రపదాల్లో పండై రాలుతుంది. అప్పటికి ఆ ముంజ టెంక లోపల గట్టిపడి కత్తికి కూడా లొంగదు. ఆ టెంకలను పాతర వేస్తే సంక్రాంతి నాటికి తేగలు వస్తాయి. తేగ విరిచేశాక టెంకను పగలగొడితే లోపల మెత్తగా, తియ్యగా బుర్రగుంజు ఉంటుంది. నీరులాంటిది రాయిగా మారింది, ఆ రాయి మళ్లీ మెత్తబడి తీపెక్కింది. గోదావరి డెల్టాలో పెరిగిన ప్రతి ఒక్కరికీ ఈ రుచులు తెలుసు. ఇవన్నీ ఒకే గింజ జీవితంలోని దశలన్న సంగతి మాత్రం అంతగా ఎవరికీ తట్టదు.

కాఫీ గింజ జీవితం కూడా ఇదే దారిలో నడుస్తుంది. తాటిది ఏకదళ బీజం, కాఫీది ద్విదళ బీజం. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ దగ్గరి చుట్టాలు కావు. అయినా తమ పిల్ల మొక్క కోసం తిండి దాచే పద్ధతి రెండింటిలోనూ ఒకటే. కణాల్లో రసాయన మార్పులు నడిపే మాంసకృత్తులను ఎంజైమ్‌లు అంటారు. ఆ తిండిని గట్టిపరిచే ఎంజైమ్‌లు, మొలకెత్తేటప్పుడు దాన్ని కరిగించే ఎంజైమ్‌లు కూడా ఒకే కోవకు చెందినవి. పొద్దున్నే స్టీలు గ్లాసులో పొగలు కక్కే కాఫీ రుచికి పునాది పెనం మీద కాకుండా అంతకు చాలా ముందే, చెట్టు మీదా, ఆరబెట్టే కళ్లం మీదా పడుతుంది. గింజ లోపల ఏ ఎంజైమ్ ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది అన్నదే అసలు కథ.

డెల్టా నేలలో కాఫీ పండదు. అరబికా రకం కాఫీకి చల్లని గాలి, నీరు నిలవని ఏటవాలు నేల, చెట్ల నీడ కావాలి. ఇక్కడున్నది ఎండ, ఒండ్రు మట్టి, కాలువల కింద తడి ఆరని పొలం. కానీ డెల్టాకు ఎగువన ఉన్న కొండల్లో కాఫీ ఉంది. ఆంధ్ర ప్రాంతంలో కాఫీని మొదట నాటింది గోదావరి మన్యంలోని పాములేరు లోయలో, 1898లో, బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి చొరవతో. తర్వాత అది విశాఖ మన్యానికి, అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు పాకింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మిరియం తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల కింద గిరిజన రైతులు పండించే ఈ గింజ గురించి చెప్పుకోవడానికి కింద డెల్టాలో ఉన్న తాటి, కొబ్బరి, వరి, కోకో చాలినన్ని పోలికలు ఇస్తాయి.

కాఫీ చెట్టు వేసవి జల్లులకు మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. పూసిన తర్వాత కొన్ని వారాల పాటు పిందె గుండుసూది తలంతే ఉండి, ఎదుగుతున్నట్టే కనిపించదు. తర్వాత ఒక్కసారిగా ఊపందుకుంటుంది. అప్పుడు కాయ లోపల గది నిండా ఉండేది తల్లి చెట్టు కణజాలమే. దీన్ని పాఠ్యపుస్తకాల్లో పరిచ్ఛదం అంటారు. నీరు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కొన్ని ఆమ్లాలు ఇందులో చేరతాయి. ఫలదీకరణం వల్ల పుట్టిన అంకురచ్ఛదం, అంటే అసలు గింజ కండ, దీని మధ్యలో చిన్న చుక్కలా మొదలవుతుంది. ఈ చుక్క పెరుగుతూ చుట్టూ ఉన్న తల్లి కణజాలాన్ని మెల్లగా తినేస్తూ ఆ గదిని ఆక్రమిస్తుంది. చివరికి పరిచ్ఛదం ఒక పల్చటి పొరగా మిగులుతుంది. కాఫీ గింజలు వేయిస్తున్నప్పుడు పొట్టులా ఎగిరే వెండి రంగు పొర అదే. తల్లి చెట్టు గింజకు పెట్టిన తొలి అన్నం తాలూకు ఆనవాలు అది.

గింజ కండ మొదట్లో మెత్తగా, పాలలాగా ఉంటుంది. కొబ్బరితో పోలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కొబ్బరి బొండంలోని నీళ్లు కూడా అంకురచ్ఛదమే. ఆరేడు నెలల కాయలో చిప్ప లోపలి గోడకు జారుడుగా లేత కొబ్బరి పడుతుంది, ఏడాది నిండేసరికి అది కోరడానికి బలం కావలసినంత గట్టిపడుతుంది. కాఫీలోనూ అదే క్రమం. మరి ఈ గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుంది? నీరు తగ్గడం ఒక కారణమే గానీ ముఖ్య కారణం కాదు. ముంజను ఎండబెడితే ముడుచుకుపోతుంది తప్ప టెంకలోని పప్పులా రాయి కాదు. లోపల రసాయనం మారాలి.

ఇక్కడ మ్యానన్ అనే పదార్థం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. వరి గింజ తన తిండిని పిండి పదార్థంగా, కణాల లోపల రేణువులుగా నింపుకుంటుంది. కాఫీ, కొబ్బరి, తాటి, ఖర్జూరం ఆ పని చేయవు. వీటి గింజల్లో తిండిలో చెప్పుకోదగ్గ భాగం కణాల గోడల్లోనే ఉంటుంది. గోడే గాదె అన్నమాట. ఆ గోడలు కట్టే ఇటుక మ్యానోస్ అనే చక్కెర. మ్యానోస్‌లు ఒకదానికొకటి తగులుకుని పొడవాటి గొలుసు అయితే అది మ్యానన్. లేత గింజలో ఈ గొలుసుకు అక్కడక్కడా గెలాక్టోస్ అనే మరో చక్కెర పక్క కొమ్మలా వేలాడుతుంటుంది. ఆ కొమ్మలున్నంత కాలం గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా రాలేవు. వాటి మధ్య నీరు చేరుతుంది, పదార్థం జెల్లీలా ఉంటుంది. ముంజ జారుడుగా ఉండటానికి ఇదే కారణం.

కోనసీమలో ఈనెల చీపురు కట్టడం చూసినవారికి మిగతాది చెప్పనక్కరలేదు. ఆకు ఉండగా కొబ్బరి ఈనెలను ఎంత బిగించి కట్టినా కట్ట వదులుగానే ఉంటుంది. ఆకు చీరేసి ఈనెలు మాత్రమే మిగిల్చితే పిడికిట్లో ఇరుకుగా ఒదిగి గట్టి చీపురు అవుతుంది. గింజలో ఆకు చీరే పని చేసేది ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్. గొలుసుకు వేలాడే గెలాక్టోస్‌లను ఇది ఒక్కొక్కటిగా తెంచేస్తుంది. నున్నగా మిగిలిన మ్యానన్ గొలుసులు పక్కపక్కన చేరి, నీటిని బయటికి నెట్టి, స్ఫటికంలా పేరుకుంటాయి. కాఫీ కాయ ఎదుగుదలలో ఈ ఎంజైమ్ చురుకుదనం పెరిగే కాలం, గింజ గట్టిపడే కాలం ఒకదానితో ఒకటి సరిపోతాయి. 2003లో వచ్చిన ఒక పరిశోధన అంకెలతో దీన్ని చూపింది. పూత తర్వాత 11 వారాల కాయలో రెండు నుంచి ఏడు మ్యానోస్‌లకు ఒక గెలాక్టోస్ ఉంటే, పండిన కాయలో ఏడు నుంచి నలభైకి పైగా మ్యానోస్‌లకు ఒకటి మాత్రమే మిగిలింది. పచ్చి కాఫీ గింజ బరువులో సగం దాకా ఉండే పెద్ద చక్కెర గొలుసుల్లో, సుమారు సగం ఈ మ్యానన్ తరహావే. పచ్చి గింజను పంటితో కొరకలేకపోవడానికి కారణం అదే.

ఈ ఎంజైమ్ లేకపోతే ఏమవుతుంది? సమాధానం ఫిలిప్పీన్స్ కొబ్బరి తోటల్లో ఉంది. అక్కడ మకపునో అనే ఒక రకం కాయ కాస్తుంది. ముదిరినా దాని లోపల గట్టి కొబ్బరి పట్టదు, చిప్ప నిండా మెత్తని జెల్లీయే ఉంటుంది. మిఠాయిలకు, ఐస్‌క్రీములకు దానికి గొప్ప గిరాకీ. 1980లలో దాన్ని పరీక్షిస్తే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ చురుకుదనం దాదాపు లేదని తేలింది. ఆకు చీరేవాడు రాలేదు, చీపురు కట్టలేదు. ఇంకో విషయం మరింత ఆలోచింపజేస్తుంది. మకపునో కాయను నాటితే మొలవదు. లోపలి పిండం, అంటే పిల్ల మొక్క, బాగానే ఉంటుంది గానీ చుట్టూ ఉన్న తిండి దానికి అందే రూపంలోకి మారదు. పిండాన్ని విడదీసి ప్రయోగశాలలో పోషక ద్రావణంలో పెంచితేనే మొక్క వస్తుంది. గట్టిపడటం కేవలం రక్షణ కోసమే కాదని, తర్వాత సరిగ్గా కరగడానికి కూడా అదే తయారీ అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాఫీ గింజలోని ఇదే ఎంజైమ్‌కు వైద్యంలోనూ ఒక చరిత్ర ఉంది. బి గ్రూపు రక్తకణాల పైన ఉండే ప్రత్యేక గుర్తు చివర కూడా ఒక గెలాక్టోసే. దాన్ని తెంచేస్తే ఆ కణం ‘ఓ’ (O) గ్రూపు కణంలా మారుతుంది. పచ్చి కాఫీ గింజల నుంచి తీసిన ఆల్ఫా గెలాక్టోసిడేజ్‌తో న్యూయార్క్‌లోని శాస్త్రవేత్తలు ఈ పని చేసి, అలా మార్చిన కణాలు మనుషుల శరీరంలో మామూలుగానే బతికాయని 1982లో ప్రకటించారు. అందరికీ పనికొచ్చే రక్తం తయారు చేయాలన్న ఆ ప్రయత్నం ఆసుపత్రుల్లో రోజువారీ వాడకం దాకా రాలేదు. కానీ గింజ తన గోడ కట్టుకోవడానికి వాడే కత్తెర ఎంత కచ్చితంగా తెంచగలదో అది చూపింది.

గోడ కట్టడంతో పాటు గింజ ఇంకా చాలా నింపుకుంటుంది. నూనె, మాంసకృత్తులు, వగరునిచ్చే క్లోరోజెనిక్ ఆమ్లాలు, కెఫీన్, చక్కెర. వీటిలో రుచికి సంబంధించి చక్కెరను ముందు చెప్పుకోవాలి. పండిన అరబికా గింజలో ఎండు బరువు మీద 6 నుంచి 9 శాతం వరకు సుక్రోజ్ ఉంటుంది, రోబస్టా అనే మరో కాఫీ రకంలో అంతకంటే తక్కువ. ఈ సుక్రోజ్ పోగవడం కాయ పండే చివరి వారాల్లోనే జోరందుకుంటుంది. సుక్రోజ్ సింథేజ్ అనే ఎంజైమ్‌కు కాఫీలో రెండు మూడు రూపాలున్నాయి. ఒక రూపం కాయ లేతగా ఉన్నప్పుడు వచ్చిన చక్కెరను విడగొట్టి గోడల నిర్మాణానికి పంపితే, మరో రూపం చివరి దశలో చురుగ్గా ఉంటుంది. చివరి దశలోని ఆ చురుకుదనం, సుక్రోజ్ పెరుగుదల కలిసే నడుస్తాయి. అందుకే ఆకుపచ్చగా ఉన్న కాయలను ఎర్రటి పండ్లతో కలిపి దూసేస్తే నష్టం బరువులో కంటే రుచిలో ఎక్కువ. పచ్చి కాయలోని గింజకు గోడ ఉంటుంది, వగరు ఉంటుంది, చక్కెర మాత్రం చాలినంత ఉండదు. పండినవే ఏరి కోయమని మన్యంలో రైతులకు పదే పదే చెప్పేది ఇందుకే. నీడ కూడా ఇలాగే ఉపకరిస్తుంది. చెట్ల నీడన చల్లదనం వల్ల కాయ నిదానంగా పండుతుంది, ఎంజైమ్‌లకు నింపే సమయం దొరుకుతుంది.

కెఫీన్ సంగతి క్లుప్తంగా. శాంథోసిన్ అనే పదార్థానికి మూడు మిథైల్ గుంపులు ఒకదాని తర్వాత ఒకటి అతికితే కెఫీన్ అవుతుంది. రెండు అతికాక వచ్చే థియోబ్రొమిన్ దగ్గరే కోకో గింజ చాలావరకు ఆగిపోతుంది, కాఫీ ఇంకో అడుగు వేస్తుంది. అరబికాలో సుమారు 1.2 శాతం, రోబస్టాలో 2.2 శాతం దాకా ఉంటుంది. రోబస్టా జన్యుపటాన్ని 2014లో వెలువరించినప్పుడు, ఈ అతికించే ఎంజైమ్‌లు కాఫీలో ఒక దారిన, టీ, కోకోలలో వేరే దారిన విడివిడిగా రూపుదిద్దుకున్నాయని తెలిసింది.

ఇప్పుడు గింజ నిండింది. వరి అయితే ఇక్కడ ఎండి నిద్రలోకి జారుకుంటుంది. వడ్లను బాగా ఎండబెట్టి నిల్వ చేస్తే వచ్చే సార్వాకు విత్తనంగా వాడుకోవచ్చు. కొబ్బరి దీనికి పూర్తిగా విరుద్ధం. దాన్ని ఎండబెడితే విత్తనం చస్తుంది, తడిగా ఉంచితే మొలకెత్తడం మొదలెడుతుంది. కాఫీని చాలాకాలం ఈ రెండో కోవలోనే వేశారు. ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలిస్, హాంగ్, రాబర్ట్స్ 1990లో కాఫీ విత్తనాన్ని జాగ్రత్తగా పరీక్షించి, ఇది రెండింటికీ మధ్య రకం అని తేల్చారు. కొంతవరకు ఎండటాన్ని తట్టుకుంటుంది, మరీ ఎండినా, మరీ చల్లగా ఉంచినా ప్రాణం పోతుంది. అందుకే కాఫీ నర్సరీలు తాజా విత్తనం కోసం తొందరపడతాయి. కొన్ని నెలలు దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది.

ఈ మధ్య రకం స్వభావాన్ని కాఫీ గురించి రాసే చాలామంది పట్టించుకోరు. కానీ కాఫీ గురించి తెలుసుకోవలసిన విషయాల్లో ఇది మొదటిదని చెప్పాలి. పండిన కాయలోని కాఫీ గింజ నిద్రపోవడం లేదు. నీళ్లున్నాయి, పిండం సిద్ధంగా ఉంది, గుజ్జు అడ్డం ఉందంతే. ఆ గుజ్జు తీసేసిన క్షణం నుంచి అది మొలకెత్తే పనిలో పడుతుంది.

మొలక ఎలా వస్తుందో చూద్దాం. కాఫీ గింజలో పిండం 3, 4 మిల్లీమీటర్లకు మించదు. గట్టి మ్యానన్ కండలో ఒక చివర ఒదిగి ఉంటుంది. వేరు మొన బయటికి రావాలంటే దాని ఎదురుగా ఉన్న మూతలాంటి భాగాన్ని చీల్చుకోవాలి. అంత చిన్న వేరుకు ఆ బలం లేదు. కాబట్టి మూతే ముందు మెత్తబడాలి. నెదర్లాండ్స్‌లోని వాగనింగన్‌లో జరిగిన ప్రయోగాల్లో 30 డిగ్రీల వెచ్చదనంలో, చీకట్లో నానిన గింజల మూతకు సన్నని సూది గుచ్చి, ఎంత బలం పడుతుందో రోజూ కొలిచారు. బలం రెండు అంచెల్లో తగ్గింది. మొదటి అంచెలో సెల్యులేజ్ అనే ఎంజైమ్ లేచింది. రెండో అంచెలో ఎండో బీటా మ్యాననేజ్ పని మొదలెట్టి మ్యానన్ గొలుసులను మధ్యమధ్యలో తెంచింది. తెగిన ముక్కలను బీటా మ్యానోసిడేజ్ విడివిడి మ్యానోస్‌లుగా మార్చుతుంది. సుమారు పదో రోజుకు సగం గింజల్లో వేరు మొన బయటపడింది. అబ్సిసిక్ ఆమ్లం అనే నిద్ర హార్మోన్ ఇస్తే మొదటి అంచె యథాతథంగా సాగింది, రెండోది ఆగిపోయింది. అంటే అసలు తాళం మ్యాననేజ్ చేతిలోనే ఉంది.

ఇక్కడ వరితో ఒక పెద్ద తేడా ఉంది. డెల్టాలో నారు పోయడానికి వడ్లు ఒక రోజు నానబెట్టి, గోనె సంచిలో మండె కడతారు. వెచ్చగా ఉన్న ఆ సంచిలో వరి పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను పంపుతుంది. అది అందగానే గింజ చుట్టూ ఉన్న సన్నని పొర ఆల్ఫా ఎమైలేజ్‌ను విడుదల చేస్తుంది, పిండి చక్కెరగా మారుతుంది. మండె కట్టిన వడ్లు నమిలితే తగిలే చిరుతీపి అదే. జిబ్బరెల్లిన్ కథ కూడా వరి చేలోనే మొదలైంది. నారు వెర్రిగా పొడవు పెరిగిపోయే ఒక శిలీంధ్ర తెగులును పరిశీలిస్తూ 1926లో జపాన్ శాస్త్రవేత్త కురోసావా దీని జాడ పట్టాడు. వరితో సహా ఎన్నో గింజలకు ఈ హార్మోన్ ఇస్తే మొలక వేగం పెరుగుతుంది. కాఫీకి బయటి నుంచి ఇస్తే మాత్రం మొలక దెబ్బతింటుంది. పిండంలోని కణాలు చనిపోతాయి. గింజ కండ అదుపు తప్పి కరిగితే, ఆ కరిగిన పదార్థమే పిండానికి హాని చేస్తుందని 2005లో వచ్చిన పరిశోధన వివరించింది. కాఫీ పిండం తన సొంత జిబ్బరెల్లిన్‌ను వాడుకుంటుంది, కానీ లెక్కగా. మొలక త్వరగా రావాలని నర్సరీలో చేతికందిన హార్మోన్ మందు కలిపేవారు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు.

వేరు దిగాక కాఫీ మొలక నేల మీదికి లేచే దృశ్యం ముచ్చటగా ఉంటుంది. సన్నని కాడ పైన గింజ టోపీలా కూర్చుని ఉంటుంది. నర్సరీల్లో దీన్ని టోపీ దశ అనే అంటారు. విత్తిన సుమారు 45 రోజులకు ఈ దశలోని మొలకలను తీసి సంచుల్లోకి మారుస్తారు. ఆ టోపీ లోపల రెండు బీజదళాలు పల్చటి కాగితాల్లా పరుచుకుని, చుట్టూ కరుగుతున్న గింజ కండను పీల్చుకుంటుంటాయి. తాటి టెంకలో బుర్రగుంజు చేసే పని, కొబ్బరి కాయలో పువ్వు చేసే పని ఇదే. గుడిలో కొట్టిన కాయలో పువ్వు వస్తే శుభమని సంతోషించి తింటారు. అది నిజానికి మొలక తన తిండిని పీల్చుకోవడానికి పెంచుకున్న అవయవం. తాటిలో ఆ పీల్చుకున్నది తేగలోకి వెళ్లి పిండి పదార్థంగా మారుతుంది, అందుకే తేగ కాల్చుకుని తినొచ్చు. కాఫీలో టోపీ ఊడిపోగానే దళాలు విచ్చుకుని పచ్చబడతాయి.

ఇంతవరకు చెప్పింది నర్సరీ మడిలో జరిగేది. ఇందులో తొలి భాగం కాఫీ తాగేవారికీ సంబంధించినదే, ఎందుకంటే అది కళ్లం మీద కూడా జరుగుతుంది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో డిర్క్ సెల్మార్ బృందం 2000ల మధ్యలో ఈ సంగతిని తేల్చింది. మొలక మొదలైందని తెలుసుకోవడానికి వాళ్లు ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్ జాడ వెతికారు. గింజలోని నూనెను చక్కెరగా మార్చే దారిలో ఇది తప్పనిసరి మజిలీ, మొలకెత్తే గింజల్లోనే లేస్తుంది. పల్పర్‌లో గుజ్జు తీసి, జిగురు పోయేలా నీళ్లలో పులియబెట్టి కడిగిన గింజల్లో రెండో రోజుకల్లా దీని జాడ ఉచ్చ స్థాయికి చేరింది. పండును పండుగానే ఎండబెట్టే పద్ధతిలో గుజ్జు అడ్డం ఉంటుంది కాబట్టి వారం దాకా పట్టింది. ఆరే కొద్దీ రెండింటిలోనూ తగ్గిపోయింది.

పండుగానే ఎండిన గింజలో మరో మార్పు కనబడింది. నెమ్మదిగా నీరు కోల్పోతూ బతికే ఉన్న కణాలు కరువు ఒత్తిడికి లోనై గాబా అనే పదార్థాన్ని పోగేసుకున్నాయి. గ్లూటమేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ చేసే పని ఇది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా కడిగిన గింజల్లో కంటే వీటిలో ఎక్కువగా మిగిలాయి. ఒకే చెట్టు కాయలను రెండు పద్ధతుల్లో ఆరబెడితే కప్పులో రెండు రకాల రుచులు రావడానికి గుజ్జు, పులియడం మాత్రమే కారణమని చాలాకాలం అనుకునేవారు. గింజ స్వయంగా రెండు రకాలుగా బతికిందన్న విషయం ఈ పరిశోధనతోనే బయటికి వచ్చింది. వేయించేటప్పుడు రంగు, వాసన పుట్టేది చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసినప్పుడే. వాటి మోతాదు మారితే వాసన మారడం సహజం. అలాగని మొలక ఎంత ముందుకు పోతే రుచి అంత మెరుగని ఎవరూ అనుకోకూడదు. తడి గింజలను కుప్పగా వదిలేస్తే పొరలు చితికి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వగరు పదార్థాలను నల్లబరుస్తుంది, బూజు చేరుతుంది. తేమ 10 నుంచి 12 శాతానికి దిగేదాకా పల్చగా పరిచి కలియబెడుతూ ఉండాల్సిందే.

ఈ భయం వరి రైతుకు కొత్త కాదు. కోతల సమయానికి తుపాను రావడం ఎంత దెబ్బో 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను గోదావరి జిల్లాల్లో చూపింది. పనల మీదున్న వరి తడిసి, కంకుల మీదే మొలకెత్తిన చోట జరిగింది ఇదే. నీరు అందింది, జిబ్బరెల్లిన్ లేచింది, ఎమైలేజ్ పిండిని కరిగించడం మొదలెట్టింది. ఆ ధాన్యం మిల్లుకు వెళ్తే నూక, రంగు మారిన బియ్యం. రెండు మూడు వారాల నిద్రావస్థ ఉన్న రకాలను వేసుకోమని, తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఈ ఎంజైమ్‌ను ఆపడానికే. ఉప్పు నీరు చుట్టూ ఉంటే గింజ తేలిగ్గా తేమను పీల్చుకోలేదు. నీరు లేనిదే ఎమైలేజ్‌కు పని లేదు. పంట చేతికొచ్చిందో లేదో అన్న టెన్షన్‌లో ఉన్న రైతుకు ఉప్పు బస్తా ఎందుకు పనికొస్తుందో తెలియడం అవసరం, తెలిస్తే సమయానికి చల్లుతాడు.

డెల్టాలోనే మరో గింజ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడుస్తుంది. కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేసే కోకో. కోకో కాయ పగలగొట్టి, తెల్లని గుజ్జుతో సహా గింజలను కుప్పగా పోసి అరటాకులు, గోనె సంచులు కప్పి అయిదారు రోజులు పులియబెడతారు. ఈస్టులు, బాక్టీరియా ఆ గుజ్జును తిని మొదట సారాయి, తర్వాత వెనిగర్‌లోని ఆమ్లం తయారు చేస్తాయి. కుప్ప లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి, ఆమ్లానికి గింజలోని పిండం చనిపోతుంది. చనిపోవడమే ఇక్కడ కావలసింది. ప్రాణం ఉన్నంత సేపు విడివిడి గదుల్లో ఉన్న ఎంజైమ్‌లు, మాంసకృత్తులు, వగరు పదార్థాలు గోడలు కూలగానే కలిసిపోతాయి. మాంసకృత్తులను తెంచే ప్రోటియేజ్‌లు, సుక్రోజ్‌ను విడగొట్టే ఇన్వర్టేజ్ పని చేసి, వేయించినప్పుడు చాక్లెట్ వాసనగా మారే సరుకును తయారు చేస్తాయి. సరిగ్గా పులియని కోకోను ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. కోకోలో చచ్చిన గింజలోని ఎంజైమ్‌లు రుచిని ఇస్తే, కాఫీలో బతికి ఉన్న గింజ చేసిన పని రుచిని ఇస్తుంది. రెండింటినీ పులియబెట్టడం అనే ఒకే మాటతో పిలుస్తారు గానీ, కాఫీలో పులియబెట్టడం ప్రధానంగా జిగురు వదలడానికే. అక్కడ సూక్ష్మజీవుల పెక్టినేజ్‌లు పార్చ్‌మెంట్ (గింజను కప్పి ఉండే గట్టి పొర) పైనున్న జిగురును కరిగిస్తాయి.

పెనం ఎక్కాక ఎంజైమ్‌లన్నీ నశిస్తాయి. 200 డిగ్రీల వేడికి ఏ మాంసకృత్తూ నిలవదు. కానీ అవి కట్టిన గోడ పూర్తిగా పోదు. వేయించినప్పుడు మ్యానన్‌లో కొంత భాగం తెగి, నీళ్లలో కరిగేలా మారుతుంది. డికాక్షన్‌లో నాలుకకు తగిలే చిక్కదనంలో దీని వాటా ఉంది. ఇన్‌స్టంట్ కాఫీ తయారు చేసేవారికి ఇదే చిక్కదనం తలనొప్పి, ద్రావణం జిగటగా మారి ఆరబెట్టడం కష్టమవుతుంది. అందుకని కొన్ని ఫ్యాక్టరీల్లో బయటి నుంచి మ్యాననేజ్ కలిపి ఆ గొలుసులను తెంచుతారు. గింజ తన వేరు మొన కోసం వాడాల్సిన పనిముట్టును మనిషి తన యంత్రం కోసం వాడుకుంటున్నాడు.

కరగని మ్యానన్ ఫిల్టర్ అడుగున నల్లటి పొడిలో మిగిలిపోతుంది. ఆ పొడిని పెరట్లో కొబ్బరి చెట్టు పాదులో పోసే ఇళ్లు డెల్టాలో చాలానే ఉన్నాయి. గానోడెర్మా తెగులు రాకుండా అదే పాదులో వేప పిండితో కలిపి వేసే ట్రైకోడెర్మా శిలీంధ్రానికి మ్యాననేజ్ తయారు చేసే శక్తి ఉంది. కొండ మీద ఒక కాఫీ గింజ తన మొలక కోసం కట్టుకున్న గోడను, ఇక్కడి మట్టిలో అది మెల్లగా విప్పుకుంటూ తింటుంది.